ఉత్తరాల్లో నడిచిన నవలలు: రిచర్డ్‌సన్‌తో మొదలుపెట్టాలా, బర్నీతోనా?

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలను మూలంలో చదవాలనుకునేవారికి మొదటి చిక్కు శామ్యూల్ రిచర్డ్‌సన్ దగ్గరే ఎదురవుతుంది. సాహిత్య చరిత్రలు ఆయనను దాటి ముందుకు పోవు. ఆయన పుస్తకాల లావు చూస్తే పాఠకుడి చెయ్యి ముందుకు పోదు. పాత్రలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలనే వరుసగా పేర్చి కథ నడిపే పద్ధతిని, అంటే లేఖా నవలను, ఆయన తరువాత టోబయస్ స్మాలెట్, ఫానీ బర్నీ, ఇంకా ఇరవై ఏళ్లు నిండని జేన్ ఆస్టెన్ కూడా చేపట్టారు. ‘పమేలా’ చదవాలా, ‘క్లారిస్సా’కు సాహసించాలా, రిచర్డ్‌సన్‌ను పక్కన పెట్టి బర్నీ రాసిన ‘ఎవెలీనా’తో మొదలుపెట్టాలా అని తేల్చుకోలేనివారి కోసం ఈ పోలిక. కీర్తినీ ప్రచురణ క్రమాన్నీ పక్కన పెట్టి, ఒక పుస్తకంలో ఎన్ని కలాలు రాస్తున్నాయో చూసి ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

## ఏ కొలతలతో చూడాలి

మొదటి కొలత ఆ కలాల లెక్కే. ఒక్కరే రాస్తుంటే పాఠకుడు ఆ మనిషిని నమ్మాలి, లేదా ఆ మనిషినే అనుమానించాలి. ఇంకొక సాక్షి ఉండడు. ఇద్దరు ముగ్గురు రాస్తున్నప్పుడు, ఒకే రాత్రి జరిగిన సంగతిని ఒకరు ఒక విధంగా, మరొకరు మరో విధంగా చెబుతారు కాబట్టి, రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చూసుకునే పని పాఠకుడి మీద పడుతుంది. ఈ పని ఇష్టమైనవారికి లేఖా నవల అంత రుచి మరే రూపంలోనూ దొరకదు. ఇష్టం లేనివారికి ఇంత విసుగూ మరెక్కడా ఉండదు.

రెండవది, జరిగినదానికీ రాసినదానికీ మధ్య ఉన్న ఎడం. రిచర్డ్‌సన్ తన పద్ధతిని ‘ఆ క్షణానికి రాయడం’ అని పిలుచుకున్నారు. గడిచిన జీవితాన్ని నెమరు వేసుకుంటూ చెప్పే కథకుడు ఆపదల నుంచి బతికి బయటపడ్డాడని మనకు ముందే తెలుసు. ఉత్తరం రాస్తున్న మనిషికి మాత్రం రేపు ఏమవుతుందో తెలియదు. తలుపు అవతల అడుగుల చప్పుడు వింటూనే రాస్తుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది: ఎవరూ కలం పట్టలేని ఘడియల్లో సైతం ఈ పాత్రలు పేజీల కొద్దీ రాస్తూ కూర్చుంటాయి. ఆ ఒక్క అసంభవాన్ని మన్నించగలిగితేనే ఈ దారిలో అడుగు పెట్టాలి.

మిగిలిన కొలతలు పొడవు, భాష, విషయం. భాష గురించి ఒక హెచ్చరిక అవసరం. ఈ పుస్తకాల్లో కష్టమైన మాటల కన్నా తేలికగా కనిపించే మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. ‘కాండిసెన్షన్’ అనే మాటలో నేడు చులకన ధ్వనిస్తుంది. పమేలా నోట అది పెద్దవారు తమ కన్నా తక్కువ హోదా వారి పట్ల చూపే దయ. ఇక విషయానికి వస్తే, రిచర్డ్‌సన్ రెండు ప్రధాన నవలల్లోనూ ఆడపిల్లను బంధించడం, బలవంతం చేయడం కథకు ఇరుసు. అది చదవలేనివారు ముందే తెలుసుకోవడం మంచిది.

| పుస్తకం | వెలువడిన కాలం | ఎవరి కలాలు | పొడవు | ఓర్చుకోవలసినది |
|---|---|---|---|---|
| పమేలా | 1740 | దాదాపు ఒక్కరే | రెండు సంపుటాలు | పెళ్లి తరువాతి సాగదీత |
| క్లారిస్సా | 1747–48 | ముఖ్యంగా నలుగురు | ఏడు సంపుటాలు, 537 ఉత్తరాలు | పొడవు, దారుణమైన కథ |
| హంఫ్రీ క్లింకర్ | 1771 | ఐదుగురు | మూడు సంపుటాలు | తప్పుల స్పెల్లింగు, మోటు హాస్యం |
| ఎవెలీనా | 1778 | ప్రధానంగా ఒకరు, బదులిచ్చే పెద్దాయన | మూడు సంపుటాలు | క్రూరమైన వేళాకోళాలు |
| లేడీ సూజన్ | రచన సుమారు 1794, అచ్చు 1871 | అరడజను మందికి పైగా | 41 ఉత్తరాలు | హడావుడి ముగింపు |

## పమేలా: ఒక్క కలం

రిచర్డ్‌సన్ వృత్తికి రచయిత కాదు, లండన్‌లో ఫ్లీట్ వీధి పక్కన సాల్స్‌బరీ కోర్టు అనే చోట అచ్చాపీసు నడిపిన ముద్రాపకుడు. 1689లో డెర్బీషైర్‌లో ఒక వడ్రంగి కొడుకుగా పుట్టి, పదమూడేళ్ల వయసులోనే ఊరి అమ్మాయిలకు వారి ప్రేమలేఖల జవాబులు రాసిపెట్టేవాడినని తరువాత తానే చెప్పుకున్నారు. 1739లో ఇద్దరు పుస్తక వ్యాపారులు, చదువు తక్కువైన జనానికి పనికొచ్చే నమూనా ఉత్తరాల పుస్తకం ఒకటి రాసిపెట్టమని ఆయనను అడిగారు. అందులో, యజమాని చేత వేధింపులకు గురవుతున్న పనిపిల్లకు తండ్రి రాసే ఉత్తరం ఒకటి ఉంది. ఆ ఉత్తరం వెనుక ఉన్న కథ ఆయనను వదలలేదు. చేస్తున్న పని ఆపి, 1739 నవంబరు 10న మొదలుపెట్టి 1740 జనవరి 10కల్లా ‘పమేలా’ ముగించారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు.

పదిహేనేళ్ల పమేలా తన యజమానురాలు చనిపోయాక ఆమె కొడుకు బి. గారి కొలువులో మిగిలిపోయి, తల్లిదండ్రులకు ఉత్తరాలు రాస్తుంటుంది. వాటిని మోసుకుపోయే నౌకరు ముందుగా యజమానికి చూపిస్తున్నాడన్న సంగతి ఆమెకు తెలియదు. ఆమెను లింకన్‌షైర్‌లోని ఇంటికి ఎత్తుకుపోయాక పంపే దారి లేక ఉత్తరాలు దినచర్యగా మారుతాయి. సిరా, కాగితాలు దాచుకుంటుంది, రాసిన పేజీలను లోదుస్తుల్లో కుట్టుకుంటుంది. చివరకు యజమాని వాటిని చదివి, మనసు మారి, ఆమెనే పెళ్లి చేసుకుంటాడు. ఆ పేజీలు చదవడం వల్లనే అతడు మారడం ఈ నవలలో అన్నిటికన్నా గమనించదగిన విషయం. ఉత్తరం కథను చెప్పడంతో ఆగక కథను నడిపిస్తుందని రిచర్డ్‌సన్ ఇక్కడే కనిపెట్టారు.

వేధించినవాడితో పెళ్లి బహుమానమెట్లా అవుతుందని నేటి పాఠకురాలు తప్పక అడుగుతుంది. ఏడాది తిరగకుండా ఐదు ముద్రణలు పొంది, విసనకర్రల మీద బొమ్మలుగా కూడా ఎక్కిన ఈ పుస్తకాన్ని 1741 ఏప్రిల్‌లోనే హెన్రీ ఫీల్డింగ్ ‘షమేలా’ అనే చిన్న పేరడీతో చీల్చిచెండాడారు. అమాయకత్వమంతా ధనవంతుడి కోసం పన్నిన ఉపాయమని ఆయన వాదన. ఒక్క కలమే రాస్తే వచ్చే ఇబ్బంది ఇదే. పమేలాను నమ్మనివారికి ఆమె మాట తప్ప వేరే ఆధారం చూపించలేము. అందువల్ల విద్యార్థులకు నా సలహా, పెళ్లి వరకు ‘పమేలా’, వెంటనే ‘షమేలా’. పెళ్లి తరువాతి భాగాన్ని తిరగేస్తే చాలు; 1741 చివర వచ్చిన కొనసాగింపు జోలికి పోనక్కరలేదు.

పుస్తకం ఏ ప్రతి చదవాలో ఎంచుకునేటప్పుడు కొంచెం జాగ్రత్త పడాలి. రిచర్డ్‌సన్ పమేలా భాషను జీవితాంతం నునుపు చేస్తూనే పోయారు. ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ ప్రతి 1740 నాటి పాఠం. పెంగ్విన్ ప్రతి 1801లో అచ్చయిన సవరించిన పాఠం. పల్లెటూరి పిల్ల మాట వినపడాలంటే 1740 పాఠమే మేలు.

## క్లారిస్సా: తారసిల్లే కలాలు

‘పమేలా’లో పడిన ఇబ్బందికి రిచర్డ్‌సన్ వెతుక్కున్న సమాధానం ‘క్లారిస్సా’ అని నాకనిపిస్తుంది. ఇక్కడ రెండు జంటల ఉత్తరాలు నడుస్తాయి: క్లారిస్సా హార్లో తన స్నేహితురాలు ఆనా హౌకు, ఆమె వెంటపడిన లవ్‌లేస్ తన స్నేహితుడు బెల్ఫర్డ్‌కు. తాతగారి ఆస్తి క్లారిస్సాకు రావడం ఓర్వలేని అన్న, సోమ్స్ అనే డబ్బున్న మొరటు మనిషికి ఆమెను కట్టబెట్టాలని ఇంటిల్లిపాదినీ ఎగదోస్తాడు. ఆ ఒత్తిడిని ఆసరా చేసుకుని లవ్‌లేస్ ఆమెను మాయచేసి ఇల్లు దాటిస్తాడు. మొదటి ముప్ఫై ఉత్తరాల వరకు అతడి గురించి ఇతరులు చెప్పినదే మనకు తెలుసు. ముప్ఫై ఒకటవ ఉత్తరంలో అతడే కలం పట్టినప్పుడు, ఈ మనిషి ఇంత చమత్కారి, ఇంత ప్రమాదకారి అని ఒక్కసారిగా తెలిసి పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఆనాటి నుంచి క్లారిస్సాకు తెలియనిది మనకు తెలుసు, చెప్పే దారి లేదు.

ముద్రాపకుడి పనితనం ఈ పుస్తకంలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు. ఆనా రాసిన హెచ్చరిక ఉత్తరాన్ని లవ్‌లేస్ దారిలోనే కాజేసి, తాను పగ తీర్చుకోవలసిన వాక్యాలన్నిటి పక్కన అంచులో వేలు చూపే చేతి గుర్తులు వేస్తాడు. రిచర్డ్‌సన్ వాటిని అట్లాగే అచ్చు వేశారు. మత్తుమందు ఇచ్చి క్లారిస్సాపై అత్యాచారం జరిపిన తరువాత, మతి చెదిరి ఆమె రాసి చింపేసిన కాగితాల్లో పదవ దానిలో పద్యపాదాలు పేజీ అంచుల్లో అడ్డదిడ్డంగా, ఏటవాలుగా అచ్చయి ఉంటాయి. టైపు పేర్చే పని తెలిసిన రచయితకు తప్ప ఇంకొకరికి తట్టే ఆలోచన కాదది. ఇవేమీ లేని ఎలక్ట్రానిక్ ప్రతిలో చదివితే నష్టపోయేది పాఠకుడే.

ఏడు సంపుటాలూ 1747 డిసెంబరు నుంచి 1748 డిసెంబరు వరకు మూడు విడతలుగా వచ్చాయి. ఆ మధ్యలో లేడీ బ్రాడ్‌షే అనే పాఠకురాలు మారుపేరుతో రచయితకు ఉత్తరాలు రాసి, క్లారిస్సాను చంపవద్దని బతిమాలారు. ఆయన వినలేదు. లవ్‌లేస్ మీద పాఠకులు మనసు పారేసుకోవడం చూసి కలతపడి, తరువాతి ముద్రణల్లో అడుగున గమనికలు, అదనపు భాగాలు చేర్చి అతడి దుర్మార్గాన్ని ముదురు చేశారు. ఉచితంగా దొరికే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ పాఠం అట్లా మార్చిన మూడవ ముద్రణను అనుసరించినది. పెంగ్విన్ వారి 1985 నాటి సంపుటం మొదటి ముద్రణది. రచయిత చెయ్యి పట్టుకుని నడిపించని మొదటి ముద్రణే నాకు నచ్చుతుంది.

రిచర్డ్‌సన్‌ను కథ కోసం చదివితే విసిగి ఉరి వేసుకోవలసి వస్తుంది, మనోభావాల కోసం చదవాలి అన్నారు ఆనాటి ఇంగ్లీషు విమర్శకుడు డాక్టర్ జాన్సన్. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నారు. ఫ్రాన్సులో తత్వవేత్త దిదెరో ఇంకా ముందుకు పోయి మోసెస్, హోమర్, యూరిపిడిస్, సోఫోక్లిస్ ఉన్న అరలోనే రిచర్డ్‌సన్‌నూ ఉంచుకుంటానన్నారు. ఇద్దరూ చెప్పినది నిజమే. అయితే పెంగ్విన్ ప్రతిలో దాదాపు పదిహేను వందల పెద్ద పేజీలు; మొదటి నాలుగైదు వందల పేజీలు ఒక ఇంట్లోని పంతాలూ పట్టుదలలే. పెళ్లి సంబంధం విషయంలో ఒక కుటుంబం ఆడపిల్లను ప్రేమ పేరుతో, పరువు పేరుతో చుట్టుముట్టడం ఎట్లా ఉంటుందో తెలిసినవారికి ఆ పేజీలు నిదానంగా తోచవు.

రిచర్డ్‌సన్ మూడవ నవల ‘సర్ చార్లెస్ గ్రాండిసన్’ కూడా ఏడు సంపుటాలే. దోషమే లేని మంచివాడు కథానాయకుడు కావడంతో ఉత్తరాలకు పొంచి ఉండే ప్రమాదమేదీ మిగలలేదు. జేన్ ఆస్టెన్‌కు ఇష్టమైన పుస్తకమైనా సరే, మొదటి ఎంపికగా నేను సూచించను.

## హంఫ్రీ క్లింకర్: ఒకే ఊరు, ఐదుగురి కళ్లు

స్మాలెట్ ఈ పుస్తకాన్ని జీవితపు చివరి ఏట వెలువరించారు; 1771 జూన్‌లో పుస్తకం, సెప్టెంబరులో ఇటలీలోని లివోర్నో దగ్గర ఆయన మరణం. మొదటి సంపుటం ముఖపత్రం మీద సంవత్సరం 1671 అని పొరపాటున పడింది. రిచర్డ్‌సన్ అచ్చాపీసులో అయితే ఈ తప్పు దొర్లేది కాదేమో. వేల్స్ నుంచి బయలుదేరిన మాథ్యూ బ్రాంబుల్, అతడి చెల్లెలు టాబితా, మేనల్లుడు, మేనకోడలు, పనిమనిషి విన్ జెంకిన్స్ బాత్, లండన్, హారోగేట్, ఎడిన్‌బరో మీదుగా తిరుగుతూ ఎవరి స్నేహితులకు వారు రాస్తుంటారు. జవాబులు ఒక్కటీ మనకు చూపరు. పేరు పుస్తకానికి పెట్టిన క్లింకర్ కూడా ఒక్క ఉత్తరమైనా రాయడు. కథలోకి ఆలస్యంగా వస్తాడు.

బాత్ పట్టణంలో స్నానాలు చేసినవారి నీరే తాగే నీటిలో కలుస్తోందేమోనని బ్రాంబుల్ వికారపడితే, అదే ఊరు మేనకోడలు లిడియాకు భూలోక స్వర్గం. రెండు ఉత్తరాలు చదివాక ఊరి కన్నా రాసినవారి వయసూ ఒళ్లూ మనకు ఎక్కువగా తెలుస్తాయి. ఇబ్బంది పెట్టేది విన్ జెంకిన్స్ రాత. ఆమె స్పెల్లింగు తప్పులు తరచు బూతు అర్థాలకు దారితీస్తాయి; ఇంగ్లీషును కంటితో నేర్చుకున్న మనవంటివారికి అవి వెంటనే అందవు. బిగ్గరగా చదివితే చాలావరకు విడిపోతాయి. ఉత్కంఠ కోరేవారికి ఈ పుస్తకం పనికిరాదు. యాత్రా కథనాలు, ముసలివారి సణుగుడు ఇష్టపడేవారికి ఇంతకు మించినది లేదు.

## ఎవెలీనా: ఎక్కువమందికి మొదటి మెట్టు

ఫానీ బర్నీ ఈ నవలను ఇంట్లో తండ్రికి తెలియకుండా, పేరు లేకుండా 1778 జనవరిలో ప్రచురించారు. తండ్రి సంగీత చరిత్ర రాతప్రతులకు ఆమే నకళ్లు తీసేవారు కాబట్టి, ముద్రాపకులు చేతిరాత గుర్తుపడతారని, తన నవలను రాత మార్చి నకలు రాశారు. ప్రచురణకర్త ఇచ్చినది ఇరవై గినీలు.

తండ్రి గుర్తించని పదిహేడేళ్ల ఎవెలీనా, పల్లెలో ఫాదిరీ విలర్స్ పెంపకంలో పెరిగి, మొదటిసారి లండన్ వెళ్లి అక్కడి నాటకశాలలు, వాక్స్‌హాల్, రానెలా తోటలు, నాట్యసభల గురించి ఆయనకు రాస్తుంటుంది. మొదటి నాట్యసభలోనే, ఒకరితో నాట్యం చేయనని చెప్పి ఇంకొకరితో చేయడం మర్యాద తప్పడమని తెలియక చిక్కుల్లో పడుతుంది. ఆమె సలహా అడిగి ఉత్తరం రాస్తుంది; విలర్స్ జవాబు చేరేసరికి ఆ పరిస్థితి గడిచిపోయి కొత్త చిక్కు వచ్చి ఉంటుంది. టపా ఆలస్యాన్ని ఇంత సహజంగా వాడుకోవడం రిచర్డ్‌సన్‌లో కూడా తక్కువే. ఆమె తెలివి పెరుగుతున్నకొద్దీ వాక్యాలు కూడా ముదురుతాయి. ఒక్క కలమే అయినా ‘పమేలా’లో వచ్చిన అనుమానం ఇక్కడ రాదు, ఎందుకంటే ఎవెలీనా తన తప్పులను దాచదు, తనను చూసి తాను నవ్వగలదు.

లోపం కూడా చెప్పాలి. ఆమె అమ్మమ్మ మదాం దువాల్‌ను కెప్టెన్ మిర్వన్ దొంగల వేషంలో దారి కాచి గుంటలో పడేయడం, కులీనులు పందెం కోసం ఇద్దరు ముసలమ్మలను పరుగెత్తించడం ఆ కాలంలో నవ్వుకోడానికి రాసినవి. ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. బర్నీ కూడా పూర్తిగా నవ్వలేదేమోనని రెండవసారి చదివినప్పుడు తోస్తుంది.

## లేడీ సూజన్

జేన్ ఆస్టెన్ రాసిన ఈ చిన్న నవల రెండు సాయంత్రాల్లో ముగుస్తుంది. వితంతువైన లేడీ సూజన్ స్నేహితురాలికి నిజం, బంధువులకు తీపి అబద్ధం రాస్తుంటే, పాఠకుడి చేతిలో రెండు ప్రతులూ ఉంటాయి. నలభై ఒకటవ ఉత్తరం తరువాత ఆస్టెన్ విసిగిపోయి, తపాలా శాఖ ఆదాయానికి ఎంత నష్టమైనా ఈ ఉత్తరాలు ఇక సాగవని వెక్కిరించి, తానే కథ ముగించేస్తారు. ‘క్లారిస్సా’ పట్టే ఓపిక తమకుందో లేదో చూసుకోదలచినవారు దీనితో పరీక్షించుకోవచ్చు.

## ఎవరికి ఏది

ఇంగ్లీషు సాహిత్యం ఎమ్మే చదువుతున్నవారు ‘పమేలా’ తప్పించుకోలేరు. దాన్ని ‘షమేలా’తో కలిపి చదివితే పరీక్షలో రాయడానికీ ఎక్కువ సరుకు దొరుకుతుంది. పరీక్ష ఒత్తిడి లేని సాధారణ పాఠకులకు నా ఓటు ‘ఎవెలీనా’కే. ఏడాదికి ఒక్క పెద్ద పుస్తకం చాలు, అది మనసును పట్టి కుదపాలి అనుకునేవారు మిగతావన్నీ వదిలేసి నేరుగా ‘క్లారిస్సా’కు పోవచ్చు, వేరే మెట్లు అక్కరలేదు. సొంతంగా కథలు రాసేవారు ‘హంఫ్రీ క్లింకర్’లో బాత్ గురించిన ఉత్తరాలు మాత్రమైనా చదవాలి, ఒకే సంగతిని రెండు గొంతుల్లో చెప్పడం అంత సూటిగా నేర్పే పాఠం అరుదు.

తెలుగు నవలల మీదుగా వచ్చే పాఠకులకు ఈ రూపం మొదట కొత్తగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’కు ప్రేరణ ఇచ్చిన గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఈ శతాబ్దానిదే, 1766 నాటిది. కాని అది ఉత్తరాల నవల కాదు, ఒక ఫాదిరీ తన కథను తానే చెప్పుకునే నవల. ఆ గోల్డ్‌స్మిత్ రచయితగా స్థిరపడకముందు కొంతకాలం రిచర్డ్‌సన్ అచ్చాపీసులో ప్రూఫులు దిద్దాడని ఆయన జీవితచరిత్రల్లో ఉంటుంది. అంత దగ్గరికి వచ్చి, ఈ పద్ధతి మనను దాటిపోయింది.

‘క్లారిస్సా’ ఎంచుకున్నవారికి చదివే పద్ధతి గురించి ఒక మాట. కథ ఒకే సంవత్సరంలో, జనవరి 10 నాటి ఆనా ఉత్తరంతో మొదలై డిసెంబరు 18తో ముగుస్తుంది. దాదాపు ప్రతి ఉత్తరానికీ తేదీ ఉంటుంది. ఏ తేదీ ఉత్తరాలను ఆ తేదీనే చదువుతూ పోతే పొడవు భారం కాదు. కొన్ని రోజులు ఖాళీగా ఉంటాయి, కొన్ని రోజులు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవలసి వస్తుంది, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ వరకు. ఉత్తరం లేని రోజున ముందుకు తిప్పి చూడకుండా ఉండగలగడమే కష్టం.